పెండ్లికూతురత్త

మొన్న విరుదునగర్ బస్టాండు గోడ మీద ఆమె ముఖం కనిపించింది.

గ్రంథాలయంలో పుస్తకాలు తిరిగి ఇచ్చేసి కోవిల్‌పట్టి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఎండకు నీడ వెతుక్కుంటూ గోడ పక్కకు జరిగితే అక్కడ నాటకం పోస్టరు. పసుపు కాగితం మీద రాజపార్టు, స్త్రీపార్టు, జనాన్ని నవ్వించే పపూను, హార్మోనియం వాయించే ఆయన, అందరి ముఖాలూ గుండ్రంగా కత్తిరించి వరసగా అచ్చువేశారు. అన్నిటికంటే కింద, ఒక మూలన, తెల్లజుట్టు ముసలామె. దీపం వెలిగించి నాటకాన్ని మొదలుపెట్టబోయేవారు అని ఆ బొమ్మ కింద తమిళంలో ఉంది. రెండు ముక్కుపుడకలు, కాస్త ముందుకు వచ్చిన పై పళ్ళు, ఇప్పుడే పాట ఎత్తుకోబోతున్నట్టు కొద్దిగా లేచిన గడ్డం. పొరపాటు పడే అవకాశమే లేదు.

ఆమె పోయిందని కొన్నేళ్ళ కిందట బంధువుల పెళ్ళిలో ఎవరో చెప్పారు. నేను నమ్మాను. అత్త వరస కాబట్టి ఆ రోజు ఇంటికి వచ్చి తలకు పోసుకున్నాను కూడా. ఇప్పుడు ఆమె గోడ మీద నుంచి నన్ను చూస్తోంది. గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయాను. నేను ఎక్కవలసిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. దిగులులో బస్సు తప్పిపోతుందని తెలుసు. ఊరటలోనూ తప్పిపోతుందని అప్పుడే తెలిసింది.

మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఒత్తి చెప్పే మాటకు తమిళంలోలాగా "దా" తగిలించే తెలుగు. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నాకు పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాక వచ్చాయి. గ్రంథాలయంలో కిటికీ పక్క బీరువాలో, ఎవరూ తాకని తెలుగు పుస్తకాల అర ఒకటి ఉంది. అందులోంచి పిల్లల వాచకం ఒకటి తీసుకుని, ఒక్కో అక్షరాన్నీ మా అవ్వ మాటల్లో పెట్టి చూసుకుంటూ, ఎవరినీ అడగకుండా నేర్చుకున్నాను. ఆ అర మొత్తం చదివేశాను, కొన్నిటిని రెండుసార్లు. నాటకాల చరిత్ర మీద తమిళంలో ఉన్న ఒక లావుపాటి పుస్తకం కూడా చదివాను. మా వైపు నాటకాలు ఎలా నడిచేవో అందులో వివరంగా ఉంది. నటులంతా ఒక బృందంగా ఉండరు. రాజపార్టు ఒక ఊరినుంచి, స్త్రీపార్టు ఇంకో ఊరినుంచి వస్తారు. ఒప్పందానికి గుర్తుగా విడివిడిగా తాంబూలం అందుకుని, ఆ సాయంత్రం తెర వెనకే కలుసుకుంటారు. ముందుగా కలిసి సాధన చేయడం అనేది లేదు. ఇదంతా నిజమే. కానీ ఆ పుస్తకంలో మా ఊరి మిరపకాయల సంగతి లేదు. అది నేనే రాయాలి.

మా ఊరు కోవిల్‌పట్టికి తూర్పున, నల్లరేగడి నేలలో ఉంది. పత్తి, కంబు అనే సజ్జ, మిరప, అన్నీ వానను నమ్ముకున్న పంటలే. ఎండలు ముదిరే పంగుని నెలలో అమ్మవారి పొంగలి పండగ వచ్చేసరికి పత్తి ఇళ్ళకు చేరి ఉంటుంది. మిరపకాయలు మాత్రం కళ్ళాల్లో, తాటాకు చాపల మీద, ఎర్రగా ఎండుతూ ఉంటాయి. పడమటి గాలి వీస్తే ఊరంతా తుమ్ముతుంది. ఆ రోజుల్లో మజ్జిగ తాగినా గొంతులో కారం తగిలేది. ఇప్పటికీ ఎండుమిరపకాయల బస్తా విప్పితే నాకు ముందు పండగ గుర్తొస్తుంది, తరువాతే తుమ్ము వస్తుంది.

పొంగలి మూడో రోజు నాటకం. ప్రతి ఏడూ అదే కథ. కొండ మీద కొర్ర చేను కాచే పిల్ల దగ్గరకు దేవుడు ముసలివాడి వేషంలో వస్తాడు, ఆటపట్టిస్తాడు, ఏనుగును చూపించి బెదరగొడతాడు, చివరకు పెళ్ళాడతాడు. తెల్లవారేసరికి ఆ పెళ్ళి పూర్తి కావాలి. అది సక్రమంగా జరిగితే ఆ ఏడు వాన పడుతుందని మా వాళ్ళ నమ్మకం. అందుకని దాన్ని మా ఊరు నాటకంగా కంటే పెళ్ళిగానే చూసేది. పెళ్ళి అన్నాక పిల్లకు పుట్టిల్లు ఉండాలి. ఆ పుట్టిల్లు మాది.

మా ముత్తాతల్లో ఎవరో ఒకాయన, దేవుడి తరఫున ఊరంతా ఉంది, పాపం ఆ కొండపిల్ల తరఫున ఎవరున్నారు అన్నాడట. అప్పటినుంచి పుట్టింటి తట్ట మా ఇంటినుంచి వెళ్ళేది. పసుపు చీర, గాజులు, మల్లెపూలు, బెల్లం, పసుపుతాడుకు కట్టిన పసుపుకొమ్ము. నాదస్వరం వాయించుకుంటూ వచ్చి ఆ తట్టను తీసుకువెళ్తేనే స్టేజీ మీద పెళ్ళి. తెల్లారాక నటి మా ఇంటికి వచ్చి ఆ తాళి తీసి మా అవ్వ చేతికి ఇస్తుంది. అవ్వ ఆ కొమ్మును పెరట్లో పాతేది. మా పెరటి పసుపు మడి అంతా అలా పెరిగిందే. మా ఇంటి పులుసుల్లో పడిన పసుపంతా ఆ పెళ్ళిళ్ళదే.

నాకు తెలివి వచ్చినప్పటినుంచి మా ఊరికి వచ్చే స్త్రీపార్టు ఆ పోస్టరులోని ఈమే. విరుదునగర్‌లో నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టింది. స్టేజీ మీద తమిళం, మా గడప దాటి లోపలికి వస్తే తెలుగు. మాది పుట్టిల్లు కాబట్టి మా అవ్వను అమ్మా అనేది, నాయనను అన్నా అనేది. మాకు అత్త. పెండ్లికూతురత్త అనేవాళ్ళం. ఆమె నాటకం అంటే చుట్టుపక్కల ఊళ్ళనుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. మగవాళ్ళు పత్తి తూకం వేస్తూ ఆమె పాటే కూనిరాగం తీసేవారు. కొత్తగా పెళ్ళయిన ఆడవాళ్ళు ఆమె కొప్పులాగే కొప్పు పెట్టుకునేవారు. ఆమె గొంతు సన్నం కాదు, నునుపూ కాదు. కొత్త నులక మంచంలాగా బిగువుగా ఉండేది. మైకు చెడిపోయినా చివరి వరస దాకా వినపడేది.

నాటకం రోజు మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. వెంట ఆమె భర్త, భుజాన హార్మోనియం పెట్టెతో. కోవిల్‌పట్టిలో బస్సు మారేటప్పుడు మా కోసం కడలమిఠాయి కొనేది. వేరుసెనగ అచ్చుల పొట్లం ఎండకు మెత్తబడి, బెల్లంపాకం కాగితానికి అతుక్కునేది. మేము కాగితం కూడా నమిలేవాళ్ళం. ఆమె రేకు పెట్టె తెరిస్తే ముఖానికి రాసే పొడి, కొబ్బరినూనె, కర్పూరం, పాత పట్టు అన్నీ కలిసిన వాసన వచ్చేది.

ఆమె వచ్చినప్పుడు రెండు కట్టడులు ఉండేవి. ఒకటి మిరపకాయలు. మా ఇంటికి పడమర కళ్ళం. ఆమె బస్సు దిగగానే, అక్కడున్న మగవాళ్ళంతా చాపలు పట్టి లాగి మిరపకాయలను ఊరికి తూర్పు పక్కకు చేర్చేవారు. ఘాటు ఆమె గొంతుకు తగలకూడదు. మా చిన్నతాత దగ్గరుండి ఆ పని చేయించేవాడు. ఆయన అవ్వకు మరిది, పొంగలికి పెద్ద. రెండోది మౌనం. మా ఇంట్లో కాలుపెట్టి నాలుగు మాటలు మాట్లాడాక వేలు పెదవుల మీద పెట్టుకునేది. అప్పటినుంచి స్టేజీ ఎక్కేదాకా మాట లేదు, గొంతును దాచుకోవాలి. ఏం కావాలన్నా సైగలే. నేనూ మా తమ్ముడూ కావాలనే తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళం. నీళ్ళు అడిగితే గరిటె తెచ్చేవాళ్ళం, విసనకర్ర అడిగితే పిల్లిని తెచ్చి ఒళ్ళో పెట్టేవాళ్ళం. ఆమె నవ్వు ఆపుకోలేక మా చెవులు పిండేది. అమ్మ మిరియాల చారు కాచి పోసేది. పెరుగు మాత్రం ఆ రోజు ఆమె కంటికి కనిపించకుండా దాచేది.

ఒక ఏడు మాత్రం ఆమె బస్సు అందరికంటే చివర దిగింది. హార్మోనియం పెట్టె లేదు. దాన్ని మోసే మనిషీ లేడు. వెంట పపూను వేషం వేసే బక్కపలచటి ఆయన, ఆమె రేకు పెట్టె పట్టుకుని దిగాడు. ఆమె నుదుట బొట్టు లేదు. మాకు అదేమీ పట్టలేదు, పొట్లం కోసం పరిగెత్తాం. పొట్లం తెచ్చింది. ఇచ్చింది. కానీ ఆమె ముఖం చూశాక మేము దాన్ని విప్పలేదు.

బస్సు దగ్గర నవ్వుతూ నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వు ఆపేశారు. కళ్ళంలో చిన్నతాత కర్ర ఆనించి ఆమెనే చూశాడు, తరువాత ఆకాశాన్ని చూశాడు, చావడి వైపు వెళ్ళిపోయాడు. మిరపకాయలను ఎవరూ జరపలేదు. నాకు పెద్దగా తుమ్ము వచ్చింది. ఏదో తప్పు జరిగిందని నాకు తెలిసింది ఆ తుమ్ముతోనే.

ఇంట్లో అవ్వ నడవలో కూర్చుని తట్టలోకి పూలు కడుతోంది. తల ఎత్తి చూసింది. చేతిలో దారం ఆగిపోయింది.

"అల్లుడు యాడ బిడ్డా?" అంది, సమాధానం తెలిసిపోయినా.

ఆమె గొంతు బాగా తగ్గించి చెప్పింది. "కార్తిగ నెలలో పోయిరి అమ్మా. కామాల వచ్చె. కండ్లు పచ్చబడినప్పుడే ఆసుపత్రికి పోదామంటిని, ఈ సీజన్ కచ్చేరీలు ముగించి పోదామనిరి." పూల తట్ట వైపు చూసింది. "ఆ తరువాత రెండూర్లలో తాంబూలం వాపసు అడిగిరి. విదవ సామికి పెండ్లికూతురుగా కూసోకూడదంట. మీ ఊర్లో కూడా వద్దంటే ఈ మాట అన్ని ఊర్లకూ పోతాది. ఇంగ నాకు వేషం లేదు, పెట్టె మూసేసేదే. నాకు వేరే పని తెలీదు అమ్మా."

అంతే. వేలు పెదవుల మీద పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఊరు ఏమంటుందో తెలియకుండానే ఆమె మౌనం మొదలైంది.

వంటింటి గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ అటు చూడకుండానే అంది. "నువ్వేమిటికి ఏడస్తావు? మిరియాలు నూరు పో."

మా అవ్వ నేను పుట్టకముందే తాతను పోగొట్టుకుంది. పెళ్ళిళ్ళలో వెనక వరసలో కూర్చునేది. ప్రతి ఏడూ తట్టలో ఒక్కో వస్తువూ తానే సర్దేది గానీ, ఎత్తి ఇచ్చేది మాత్రం అమ్మ. నాటకం మొత్తం చూసేది గానీ, తాళి కట్టే ముందు లేచి ఇంటికి వచ్చేసేది. ఎందుకని మేము ఎప్పుడూ అడగలేదు. పెద్దవాళ్ళకు నిద్ర వస్తుంది అనుకునేవాళ్ళం.

పపూను ఆయన అరుగు మీద కూర్చున్నాడు. పెట్టిన కూడు తినలేదు. స్టేజీ మీద ఈయన నడిచినా నవ్వు వచ్చేది కాబట్టి మా తమ్ముడు ఎదురుగా కూర్చుని కాచుకున్నాడు. చివరికి ఉండబట్టలేక, "మామా, ఏమన్నా చెప్పండి" అన్నాడు.

"నవ్వంతా రాత్రికని ఎత్తిపెట్టినాను రా తంబీ. ఇప్పుడు తీస్తే రాత్రికి ఏముండాది?" అన్నాడాయన. ఆ మాటకు కూడా తమ్ముడు నవ్వాడు. ఆయన నవ్వలేదు.

పొద్దు వాలుతుండగా చిన్నతాత వచ్చాడు. వెంట వచ్చిన ఇద్దరూ వీధిలోనే నిలబడిపోయారు.

"వదినా, నాకు మాత్రం మనసు లేదంటారా?" అంటూనే లోపలికి వచ్చాడు.

"ముందు కూసో. నిలబడుకోని మాట్లాడితే జగడమాడను వచ్చినట్టుండాది."

"కూసోను పొద్దు లేదు. కోవిల్‌పట్టికి మనిషిని పంపిస్తే దీపం పెట్టే యాళకు ఇంగొక స్త్రీపార్టును పిలుచుకోని వస్తాడు. ఈ బిడ్డకు ఇయ్యాల్సిన మర్యాద ఇచ్చి బస్సు ఎక్కిస్తాము. మీరు తట్ట మాత్రం రెడీ చేయండి."

"తట్ట రెడీగాదా ఉండాది. అది నా కూతురుకు. ఇంగొకరికి ఇయ్యను."

"వదినా, పోయిన ఏడు వాన లేదు. ఈ ఏడూ లేకుంటే ఊరు ఏమంటాది? ముండమోసినదాన్ని తెచ్చి పీట మీద కూసోబెట్టె అని నన్నుదా తిడతాది." అనేసి చిన్నతాత నాలుక కరుచుకున్నాడు. ఎదురుగా కూర్చున్న వదినా అదే కదా.

అవ్వ పూల దారం పళ్ళతో తెంచింది. "పరవాలేదు. నేనూ అదేదా. ఇప్పుడు ఒకటి అడుగుతాను, చెప్పు. ఈ బిడ్డ మన ఊర్లో ఎన్ని తడవలు కల్యాణం చేసుకొనె?"

"ఏడుకొక తడవ."

"తెల్లారినాక తాళి తీసి నా చేతికిస్తాది గదా? మొగుడు పక్కనే హార్మోనియం మూట కట్టుకుంటా ఉన్నప్పుడే తీసె గదా? ఆ పొద్దు నువ్వు ఎన్నడన్నా ఏడిస్తివా? తలకు పోసుకుంటివా?"

చిన్నతాత కూర్చున్నాడు. "అది నాటగం గదా వదినా."

"అట్లైతే ఈ రాత్రీ నాటగందా. నాటగానికి విదవ ఏంది, ముత్తైదువ ఏంది? లేదు, నిజం కల్యాణందా అంటావా? అప్పుడు ప్రతి ఏడూ తాళి తీసినప్పుడే వాన పోయుండాల. మన ఊర్లో ఎన్నడూ వాన పడకూడదు. ఏదో ఒకటి చెప్పు. రెండూ నీకే కావాలంటే ఎట్ల?"

చిన్నతాత తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "మీరు చెప్పేది నాకు తలకెక్కుతాది. చావడిలో వాళ్ళకు ఎక్కదు."

"ఎక్కదు. వాళ్ళకు వేరేది చెప్పు. మా వదిన తట్ట ఇయ్యననె, ముసిల్దానికి మొండి పట్టుకొనె, తట్ట లేకుంటే కల్యాణం లేదు, నేనేమి చేసేది అని చెప్పు. వాన రాకుంటే నన్ను తిట్టనీ. తిట్టించుకోను నాకేమి కొత్తా?"

ఆయన ముఖంలో ఏదో సడలింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన ఆ మాట కోసమే వచ్చాడేమో అనిపిస్తుంది. ఆమె పాటంటే ఊళ్ళో అందరికంటే ఎక్కువ పిచ్చి ఆయనకే. కాదనడానికి ఎంత భయమో, ఔననడానికీ అంతే భయం. ఆ బరువు ఇంకొకరు ఎత్తుకుంటామంటే చాలు.

అవ్వ స్తంభం వైపు చూపించింది. "ఆ బిడ్డను ఒక తడవ చూడు. వచ్చినప్పటినుంచి కంట నీళ్ళు పెట్టలేదు. ఏమిటికో తెలుసునా? ఏడిస్తే గొంతు పోతాది. మనము పాడమంటామో పొమ్మంటామో తెలీదు, అయినా మన పాటకని ఏడుపు మింగుకోని కూసోనుండాది."

చిన్నతాత అప్పుడు మొదటిసారి ఆమె వైపు నేరుగా చూశాడు. ఆమె కూడా ఆయనను చూసింది. దండం పెట్టలేదు, బతిమాలలేదు. గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకుని, పడమటి కిటికీ వైపు చెయ్యి చాపి, ముక్కు చిట్లించింది. ప్రతి ఏడూ ఆయనకు చేసే సైగే అది. ఈసారి నేనూ తమ్ముడూ దాన్ని తప్పుగా అర్థం చేసుకోలేదు.

చిన్నతాత లేచాడు. గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళి, అక్కడ నిలబడ్డ ఇద్దరి మీద విరుచుకుపడ్డాడు. "ఏందిరా చూస్తా నిలబడుకోనుండారు? మిరపకాయలు ఎవురు జరిపేది, మీ తాతొచ్చి జరుపుతాడా? పట్టండిరా చాప."

ఊరంతా వినపడింది. కాసేపటికి తాటాకు చాపలు నేల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు. అమ్మ పెద్ద గ్లాసులో మిరియాల చారు తెచ్చి ఆమె ముందు పెట్టింది. అరుగు మీద పపూను ఆయన అన్నంలో పులుసు కలుపుకుంటున్నాడు. నేనూ తమ్ముడూ పొట్లం విప్పాం.

నాటకంలో ఆమె మొదట తెర వెనకనుంచే పాట ఎత్తుకోవాలి, ఆ తరువాతే కనిపించాలి. ఆ రాత్రి హార్మోనియం దగ్గర కొత్త కుర్రవాడు. శ్రుతి వేశాడు. పాట రాలేదు. మళ్ళీ వేశాడు. రాలేదు. ఇన్నేళ్ళూ ఆ పెట్టె ముందు ఎవరు కూర్చునేవారో అందరికీ తెలుసు, అందుకని ఎవరూ ఈల వేయలేదు. చిన్నతాత ముందు వరసలో తువ్వాలు పిండుతున్నాడు. అప్పుడు పపూను ఆయన స్టేజీ మీదకు వచ్చి, కుర్రవాడి వైపు తిరిగి, "తంబీ, ఈ ఊరి మిరపకాయ నీకు తలకెక్కినట్టుండాది, ఒక మెట్టు కిందికి దిగు" అని తమిళంలో అన్నాడు. అంటూనే పెద్దగా తుమ్మాడు. జనం గొల్లుమన్నారు. కుర్రవాడు శ్రుతి తగ్గించాడు. ఆ నవ్వు మధ్యలోనే తెర వెనకనుంచి ఆమె గొంతు లేచింది. అదే బిగువు. జనం నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. చిన్నతాత తువ్వాలు వదిలేశాడు. కొర్ర చేలో పక్షులను తోలే పాట వచ్చేసరికి, ముందు కూర్చున్న పిల్లలమంతా ఎప్పటిలాగే కాకుల్లా, చిలకల్లా అరిచి ఆమెను ఏడిపించాం. ఆమె ఒడిసెల తిప్పి మమ్మల్ని తోలింది.

తెల్లవారుజామున తాళి కట్టేటప్పుడు ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ శుభానికని గట్టిగా కులవ పెట్టారు. నేను అలవాటుగా వెనక్కి తిరిగి అవ్వ కోసం చూశాను, తను లేచి వెళ్ళే వేళ కదా అని. అవ్వ కులవ పెట్టలేదు. కానీ లేవనూ లేదు. కాళ్ళు చాపుకుని అలాగే కూర్చుని చూసింది.

ఇంటికి వచ్చేసరికి మా పెరట్లో ఊరి ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎందుకు వచ్చారంటే ఎవరూ చెప్పరు. మజ్జిగ కోసం అని ఒకరు, ఊరికే అని ఒకరు. నిజానికి అందరి మనసులోనూ ఒకటే ఉంది. కార్తిగలో ఆమె మెడలోంచి ఒక తాళి తీశారు. ఇప్పుడు దీన్ని ఎలా తీస్తుంది? చావడి వాళ్ళకు భయం స్టేజీ మీద పెళ్ళి గురించి. ఆడవాళ్ళ భయం ఈ క్షణం గురించి. అవ్వ కూడా ఉతికే బండ పక్కన నిలబడి, చెయ్యి సగం చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఉండనీలే అనబోయినట్టుంది.

ఆమె వచ్చి బండ మీద కూర్చుంది. సవరం లాగేసింది. గాజులు తీసింది. కాగితప్పూల దండా పసుపుతాడూ కలిపి పట్టుకుని తల మీదుగా లాగింది. తాడు పిన్నుకు తగులుకుంది. "అయ్యో, విడువు దరిద్రమా" అని గుంజింది. వచ్చింది. అవ్వ చేతిలో పెట్టి, పసుపు అంటిన మెడను రెండు చేతులతో గోక్కుంది.

"కట్టినప్పటినుంచి ఒకటే దురద అమ్మా. సామి పక్కన కూసోని గోక్కుంటే బాగుండదని ఓర్చుకొంటిని." రాత్రంతా పాడిన గొంతు బొంగురుపోయి ఉంది. "పొయ్యి మీద ఏముండాది? పెరుగు ఉండాదా? నిన్నటినుంచి ఆ పెరుగు మీదదా నాకు ధ్యాస."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. అందరూ నవ్వారు. ఒకామె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అమ్మ పెరుగు కుండ కోసం లోపలికి పరిగెత్తింది. అవ్వ గడ్డపార తీసుకుని మడి దగ్గరకు వెళ్ళింది, ప్రతి ఏడూ వెళ్ళినట్టే.

ఆ రోజు వాన పడలేదు. ఏ ఏడూ ఆ రోజే పడిందీ లేదు. ఐప్పసిలో, పడవలసిన నెలలో, పడవలసినంత పడింది. చిన్నతాత ఆ ఘనతంతా తనదే అన్నట్టు చావడిలో కూర్చున్నాడని అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. ఆమె ఆ తరువాత చాలా ఏళ్ళు మా ఊరికి వచ్చింది. నేను పెళ్ళయి వెళ్ళిపోయాక కూడా వచ్చిందని, జుట్టు నెరిసే దాకా పెండ్లికూతురు వేషమే కట్టిందని, ఆ తరువాత తల్లి వేషాలకు మారిందని వినేదాన్ని. నేను చదివిన లావుపాటి పుస్తకంలో ఆమె పేరు ఒక్కచోట, ఒక చిన్న వాక్యంలో ఉంది. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. గ్రంథాలయం పుస్తకంలో గీతలు గీయకూడదని తెలిసీ గీశాను.

కానీ బస్టాండు గోడ దగ్గర నాకు గుర్తొచ్చింది ఆమె పాట కాదు. ఆ పొద్దున, కంబు సంగటిలో పులుసు పోసుకుని, ఆ పైన గిన్నెడు పెరుగు తిని, ఆమె మా నడవలో చాప మీద పడుకుంది. పడుకున్న వెంటనే నిద్రపోయింది. ముఖం మీద రంగు పూర్తిగా పోలేదు, చెవుల పక్కన ఎర్రగా అలాగే ఉంది. నోరు తెరుచుకుని గురకపెట్టింది. అంత గొంతున్న మనిషి కదా, గురక కూడా వీధిలోకి వినపడింది.

కొంతసేపటికి పక్క ఊరి మనుషులు ముగ్గురు వచ్చారు. తాంబూలం వాపసు అడిగిన రెండూర్లలో అది ఒకటి. రాత్రి వాళ్ళు కూడా చివరి వరసలో నిలబడి నాటకం చూశారట. ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు పెట్టుకుని, మా గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు.

"ఆయమ్మను చూడాల," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"పండుకోనుండాది," అంది అవ్వ.

"ఒక మాట చెప్పేసి పోతాము."

"లేపేది లేదు. కావాలంటే కూసోండి. లేచినాక చెప్పండి."

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అరుగు మీద వరసగా కూర్చున్నారు. పెద్దాయన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఎండ ఆకుల మీద పడకుండా తువ్వాలు కప్పాడు. నేను గడప మీద కూర్చున్నాను. ఒక వైపు పళ్ళెంతో కాచుకున్న మగవాళ్ళు, ఇంకో వైపు ఆమె గురక. ఎండ అరుగు మీదకు వచ్చింది, వాళ్ళు కొంచెం జరిగి మళ్ళీ కూర్చున్నారు, ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ తరువాత ఎన్నో పుస్తకాల్లో ఊరట అనే మాట చదివాను. చదివినప్పుడల్లా నాకు ఆ గురకే వినపడుతుంది.